ఆవిరి బాబాయి

కొండలు చూడ్డానికి డార్జిలింగ్ వెళ్లేవాళ్లు ఒక రకం. ఇంజను చూడ్డానికి వెళ్లి, మధ్యలో ఈ కొండలొకటి అడ్డమని విసుక్కునేవాళ్లు ఇంకో రకం. ఈ రెండో రకం మనిషి తెలుగునాట ప్రతి చుట్టరికంలోనూ ఒక్కడైనా తగులుతాడు. బ్యాంకులోనో, కాలేజీలోనో, పంచాయతీరాజ్‌లోనో చేసి రిటైరై ఉంటాడు. రైల్వేలో మాత్రం చేసి ఉండడు. రైల్వేలో చేసినవాళ్లకి ఈ జబ్బు పట్టదు, వాళ్లు సెలవు దొరికితే బస్సెక్కుతారు. మన మనిషిని ఇంట్లో పిల్లలంతా బాబాయి అంటారు. మనమూ అలాగే అందాం.

బాగ్డోగ్రాకి విమానం టికెట్లు తీస్తామని పిల్లలంటే బాబాయి వద్దంటాడు. విశాఖలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు. కాస్త ఎక్కువసేపు ఆగిన ప్రతి స్టేషనులోనూ దిగి, ఇంజను దాకా నడిచి, దాని నంబరు రాసుకుని, బండి కదిలాక పరుగెత్తుకొచ్చి, పిన్ని చేత చీవాట్లు తిని, ఎలాగైతేనేం న్యూ జల్పాయ్‌గుడి చేరతాడు. అసలు చిక్కు అక్కడ. డార్జిలింగుకి ఇంకా 88 కిలోమీటర్లుంది. చిన్న రైలుకి ఏడు గంటల పైనే పడుతుంది, షేర్ జీపు అందులో సగానికే దించేస్తుంది. బాబాయిని ఎరిగినవాళ్లెవరైనా ఆయన రైలే ఎక్కుతాడనుకుంటారు. ఎక్కడు. అడుగు నుంచి కొండెక్కే ఆ బండికి ఇప్పుడు కట్టేది డీజిలింజను.

"జీపు కూడా డీజిలేగా?" అంటుంది పిన్ని, సంచులు లెక్కపెట్టుకుంటూ.

"జీపు నేను రైలునని చెప్పుకుంటోందా?" అంటాడు బాబాయి.

జీపులో ముందు సీటు ఆయనదే. హిల్ కార్ట్ రోడ్డుని అంటిపెట్టుకునే పట్టాలు పోతాయి. కాసేపు ఎడమన, కాసేపు కుడిన, ఉన్నట్టుండి రోడ్డుకి అడ్డంగా, కర్సియాంగ్ బజారులోనైతే కొట్ల గుమ్మాలకి చేతికందే దూరంలో. అడ్డం వచ్చినప్పుడల్లా బాబాయి చెయ్యి దానంతటదే నుదుటి దాకా లేస్తుంది. వెనక సీటులో పిన్నికీ, ఆవిడ పక్కన ఇరుక్కున్న బెంగాలీ దంపతులకీ చరిత్ర మొదలవుతుంది. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ 1878లో ఈ లైను కావాలని సర్కారుకి అర్జీ పెట్టాడు. సిలిగుడిలో టన్ను 98 రూపాయలున్న బియ్యం కొండ మీదికి చేరేసరికి 238 రూపాయలవుతోందని లెక్క చూపించాడు. 1879లో పని మొదలైంది, 1881 జులైకల్లా రైలు డార్జిలింగులో ఉంది.

"రెండేళ్లండీ! మా వీధి చివర కల్వర్టు ఎన్నేళ్లుగా కడుతున్నారు?" అని బాబాయి నిలదీస్తాడు. పాపం, బెంగాలీ ఆయన తన తప్పేమీ లేకపోయినా తల వంచుకుంటాడు.

కొండ మరీ నిటారుగా ఉన్నచోట ఈ రైలు చుట్టు తిరిగి, తన దారి మీదుగా తనే దాటిపోతుంది. అది లూపు. చుట్టు తిరిగే చోటైనా లేకపోతే కొంత ముందుకు పోయి ఆగుతుంది, ఇంకో పట్టాల మీద వెనక్కి ఎక్కుతుంది, మళ్లీ ముందుకు కదులుతుంది. అది జిగ్‌జాగ్. లైను వేస్తున్న దొర ఒకచోట ముందుకు దారి తోచక తల పట్టుకుంటే, వాళ్లావిడ, ముందుకు పోలేనప్పుడు వెనక్కి రావచ్చుగా అందనీ, ఆ మాటతో జిగ్‌జాగ్ పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. బాబాయి దీన్ని నమ్మడు, అయినా చెప్పకుండా ఉండలేడు.

"అయితే పెళ్లాం మాట విన్న ఇంజనీరు ఒకడున్నాడన్నమాట!" అంటుంది పిన్ని. ఆ తర్వాత ఘూమ్ దాకా బాబాయి నోరు విప్పడు.

మర్నాడు పొద్దున ఆయన అసలు పండగ. డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి తిరిగొచ్చే, రెండు గంటల లోపు జాయ్‌రైడ్లు నడుస్తాయి. వాటిలో కొన్నిటికి ఇంకా ఆవిరి ఇంజను కడుతున్నారు. మిగతా ప్రయాణికులు బండి కూత వేసే వేళకి వస్తే, బాబాయి తెల్లారకముందే వచ్చి రోడ్డవతల షెడ్డు ముందు నిలబడతాడు. లోపల బి క్లాసు ఇంజను నిప్పు రాజేసుకుంటూ ఉంటుంది. 1889 నుంచి కట్టిన ఈ తరహా ఇంజన్లు మొత్తం 34. ఎక్కువ భాగం బ్రిటన్‌లో తయారయ్యాయి, మూడు అమెరికా బాల్డ్విన్ కంపెనీవి, మూడు ఇదే దారిలో ఉన్న తింధారియా వర్క్‌షాపులో కట్టినవి. చక్రాలు నాలుగే. నీళ్ల ట్యాంకు బాయిలరు నెత్తినే ఉంటుంది. ఇంత చిన్న ఒంట్లో ఎక్కువ నీళ్లు పట్టవు కనక దారిలో దాహం తీర్చుకోవడానికి ఆగక తప్పదు. ఇదంతా బాబాయి షెడ్డు కుర్రాడికి చెబుతాడు. రోజూ ఆ ఇంజను తుడిచే కుర్రాడు ఓపిగ్గా వింటాడు.

తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని పట్టాల దగ్గర గొంతుక్కూర్చుని మూర వేస్తాడు. గేజి 610 మిల్లీమీటర్లు, రెండడుగులు. మూర మీద రెండు బెత్తెలు. సరిగ్గానే ఉంది. నూట నలభై ఏళ్లు దాటినా గేజి మారలేదని తేలాక లేచి మోకాళ్లు దులుపుకుంటాడు. మంకీ క్యాప్ పెట్టుకున్న పిల్లవాడొకడు ఇదంతా చూసి, వాళ్లమ్మని గట్టిగా పట్టుకుంటాడు.

బాబాయి వేసుకొచ్చింది తెల్ల చొక్కా. ముదురు రంగు బట్టలు వేసుకోండని ఊరందరికీ చెప్పేదీ ఆయనే. బొగ్గు నుసి నలుపు మీద కనబడదు, కనబడకపోతే ఆవిరి బండి ఎక్కినట్టు రుజువేముంది? బోగీలో కూర్చున్నాక కొత్త జంట సెల్ఫీలు తీసుకుంటారు, పిల్లలు కిటికీల కోసం కొట్టుకుంటారు, పిన్ని పులిహోర డబ్బా తీస్తుంది. బండి కదలగానే గుప్పున పొగ లోపలికొస్తుంది. పులిహోరలో నల్లటి రవ్వ ఒకటి పడుతుంది.

"నువ్వులనుకో" అంటాడు బాబాయి.

కిటికీ బయట లోకం నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో జరుగుతూ ఉంటుంది. ఒకింటి దండెం మీది తువ్వాలు, టీ కొట్టులో మరుగుతున్న గిన్నె, బడికి పోతూ బండితో పందెం వేసుకునే పిల్లలు, లోయలో మబ్బు. పట్టాలు తడిగా ఉంటే ఇంజను ముందు మనిషి కూర్చుని చేత్తో ఇసుక జల్లుతాడు. లేకపోతే చక్రాలు తిరుగుతాయే గానీ బండి కదలదు. బాబాయి ఫోను పట్టుకుని, తల బయట పెట్టి, వీడియో తీస్తాడు. ఆ వీడియోలో బొమ్మ ఏమీ ఉండదు, మొత్తం పొగ. చప్పుడు మాత్రం దివ్యంగా ఉంటుంది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "కళ్లు మూసుకుని వినండి" అని రాస్తాడు. ఒక్క అల్లుడు మాత్రం దండం బొమ్మ పెడతాడు.

బతాసియా లూపులో బండి పది నిమిషాలు ఆగుతుంది. 1919లో వేసిన ఈ చుట్టు నడుమ గోర్ఖా సైనికుల స్మారకం ఉంది, చుట్టూ పూలతోట ఉంది. ఆకాశం కరుణిస్తే ఎదురుగా 8,586 మీటర్ల కాంచనజంగ.

"ఏవండీ, మబ్బు విడింది! మంచుకొండ కనబడుతోంది, రండి!"

"అది ఎక్కడికి పోతుందే? ఇంజను ఆవిరి వదులుతోంది, ఇటు చూడు!"

పిన్ని మంచుకొండని చూస్తుంది. బాబాయి వాల్వుని చూస్తాడు. నిజం చెప్పాలంటే ఇద్దరూ సమానంగానే నోళ్లు తెరుచుకుని ఉంటారు.

ఆయనతో వచ్చిన ఇబ్బంది సరిదిద్దడం. పక్క సీటులో ఎవరో ఆరాధన పాట కూనిరాగం తీస్తారు. 1969లో వచ్చిన ఆ సినిమాలో రాజేశ్ ఖన్నా జీపులో పాడుతుంటే షర్మిలా టాగోర్ ఇదే రైలు కిటికీలో పుస్తకం చదువుతుంది. బాబాయి వెంటనే అందుకుంటాడు. ఆ అమ్మాయి అసలు ఈ రైలెక్కనే లేదు, ఆవిడ షాట్లు తర్వాత స్టూడియోలో తీసి అతికించారు! పాట ఆగిపోతుంది. ఇంకెవరో ఊటీ రైలూ ఇలాంటిదేనంటారు. కాదు, ఊటీది మీటరు గేజి, పైగా పళ్ల పట్టా. సిమ్లా? రెండున్నర అడుగులు. మాథేరాన్? ఆఁ, అది మాత్రం రెండడుగులే. ఈ విషయం మీద పిన్నికి ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. బాబాయికి పెళ్లిరోజు గుర్తుండదు, మాథేరాన్ లైను పడిన ఏడు 1907 అని నిద్రలో అడిగినా చెబుతాడు.

బండి ఘూమ్ చేరాక, 2,258 మీటర్ల ఎత్తున, టీ గ్లాసు చేతిలోకొచ్చాక, ఈ మనిషికి ఇదంతా ఎక్కడ అంటుకుందో బయటపడుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల లైను 1900లో అక్కణ్ణుంచే బయల్దేరింది, తర్వాత గుణుపూర్ దాకా సాగింది. బాబాయి వాళ్ల అమ్మమ్మగారిది పర్లాకిమిడి. వేసవి సెలవులంటే నౌపడలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కడం. డ్రైవరు ఒకసారి చెయ్యిచ్చి పైకి లాక్కుని, కూత తాడు పట్టుకోనిచ్చాడట. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేతిలో అంత చప్పుడు పెట్టినవాణ్ణి ఎవరు మరిచిపోతారు? 1990ల మొదట్లో అక్కడ ఆవిరి పోయింది. 2004లో చిన్న పట్టాలే పోయాయి. ఇప్పుడు అటు పెద్ద గేజి రైలు తిరుగుతోంది, త్వరగా చేరుస్తుంది, ఊళ్లవాళ్లకి సుఖంగా ఉంది. ఆ సంగతి బాబాయి ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఇంకో టీ తెప్పించుకుంటాడు.

ఈ రకం మనుషుల్ని చూసి నవ్వడం తేలిక. కానీ వాళ్ల ఖాతాలో కొన్ని పనులున్నాయి. వేల్స్‌లో తలిథిన్ అనే చిన్న గేజి రైలు మూతపడబోతుంటే, జీతం లేకుండా పనిచేస్తామని ముందుకొచ్చిన ఇలాంటి బాబాయిలే 1951 నుంచి దాన్ని నడిపారు. ఔత్సాహికులు నడిపిన మొదటి రైలు ప్రపంచంలో అదే. పిల్లలకి థామస్ ఇంజను కథలు రాసిన విల్బర్ట్ ఆడ్రీ చర్చిలో మతగురువు, అయినా అక్కడికెళ్లి కొన్నాళ్లు గార్డు పని చేశాడు. డార్జిలింగ్ రైలు కోసం బ్రిటన్‌లో 1997లో ఒక సంఘమే పెట్టారు. 1889 నాటి బి క్లాసు ఇంజనొకటి అమెరికా ఆసామి ఒకాయన కొనుక్కుపోతే, చివరికి అది ఇంగ్లండు చేరి మళ్లీ ఆవిరి వదిలింది. 1999లో యునెస్కో ఈ లైనుని ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. ఆస్ట్రియా సెమ్మెరింగ్ తర్వాత ఆ గౌరవం దక్కిన రెండో రైలు మార్గం ఇది. పాత ఇనుముగా తూకానికి పోవలసిన ఇంజన్లు ఈ పొద్దున కూడా షెడ్డులో నిప్పు రాజేసుకుంటున్నాయంటే, మూర వేసే మనుషుల మొండితనానికీ అందులో వాటా ఉంది.

మీరూ వెళ్లేట్టయితే టికెట్ తీసేటప్పుడు స్టీమా, డీజిలా అన్నది సరిగ్గా చూసుకోండి, రెండూ అదే దారిలో నడుస్తాయి, ఆవిరిదానికి ధర ఎక్కువ. సీజనులో ముందే అయిపోతాయి కాబట్టి ఊరు చేరాక కొందామనుకోవద్దు. ముదురు రంగు చొక్కా వేసుకోండి. ఎదురు సీటులో తెల్ల చొక్కా పెద్దాయన ఎవరైనా కనబడితే, ఏం మాట్లాడినా ఫరవాలేదు గానీ గేజి ఎంతని మాత్రం అడక్కండి.