ఈ ట్రిప్పు అయ్యాక దించుదాం

పాత లారీ ఒకటి గేర్‌బాక్సు అరుపుతో ఊరందరినీ లేపుకుంటూ పోతుంటే, తోలే పెద్దమనిషికి చెవుడేమో అనుకుంటారు చాలామంది. పాపం, ఏం పోయిందో తెలియదేమో అని జాలిపడేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు చూసినా ఇలాంటి బాబాయి ఒకడు స్టూలేసుకుని కూర్చుని ఉంటాడు. వయసు అరవైకి అటూ ఇటూ. బండికి ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. బండి మూతి మీద 1613 అని ఉంటుంది. అంటే సరుకుతో కలిపి పదహారు టన్నుల బరువు, సుమారు 130 గుర్రాల ఇంజను అని లెక్క. ఆ గుర్రాల్లో ఇంకా ఎన్ని బతికున్నాయన్నది ఇంటి విషయం, అడక్కూడదు. ఈయనకు గేర్‌బాక్సు రొద మేస్త్రికంటే ముందే వినపడుతుంది. ఎక్కడ పోయిందో కూడా తెలుసు. అసలు చిక్కంతా అక్కడే ఉందని నా వాదన. ఏమీ తెలియనివాడు భయపడి తిన్నగా షెడ్డుకు తోలుకొస్తాడు. బాబాయికి బాగా తెలుసు గనక ఇంకెన్నాళ్లు లాగించవచ్చో కూడా తెలుసన్న ధీమా ఉంటుంది. ఆయన విద్య అంతా మరమ్మతును వాయిదా వెయ్యడానికే ఖర్చవుతుంది.

ఆ విద్య మాత్రం సామాన్యమైంది కాదు. ఇంజను నడుస్తూ గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గరగరమంటుంటే బాబాయి క్లచ్చు తొక్కి చూస్తాడు. తొక్కగానే రొద ఆగిందా, క్లచ్చు షాఫ్టు బేరింగో లే షాఫ్టు బేరింగో అరిగినట్టు. క్లచ్చు తొక్కాక ఇంజనుకూ బాక్సుకూ మాటలుండవు గనక లోపలి షాఫ్టులు తిరగడం మానేస్తాయి. అలాకాక తొక్కినప్పుడే కీచుమందా, అది రిలీజు బేరింగు. కింది గేర్లన్నిటిలో కూతపెట్టి, టాపులో పడగానే బుద్ధిగా ఉంటే లే షాఫ్టును అనుమానించాలి. ఈ పాత అయిదు గేర్ల బాక్సుల్లో టాపు గేరంటే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ నేరుగా కలిసిపోవడమే, అప్పుడు లే షాఫ్టు మీద బరువు పడదు. ఒక్క మూడో గేరులోనే వస్తుంటే తప్పు మూడో గేరు పళ్లది. రివర్సులో ఈల వేస్తే మటుకు కంగారు పడనక్కర్లేదు. రివర్సు పళ్లు ఏటవాలుగా కాక తిన్నగా కోసి ఉంటాయి, ఈల వాటికి పుట్టుకతో వచ్చింది. బండి న్యూట్రల్‌లో దొర్లుతున్నప్పుడు కూడా చక్రాల వేగంతోపాటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటే, బాక్సును తిట్టి లాభం లేదు. జాయింటు క్రాసునో, సెంటరు బేరింగునో, వెనక క్రౌను పినియనునో చూసుకోవాలి. మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బాక్సుకు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వింటాడు. బాబాయి సీట్లో కూర్చునే గేరు రాడ్డు మీద అరచెయ్యి వేసి అదే తీర్పు చెప్పేస్తాడు. మేస్త్రి కళ్లు తెరిచేసరికి రెండు టీలు కూడా చెప్పేసి ఉంటాడు.

ఇంత తెలిసినవాడు ఆ పూటే బాక్సు దింపించాలి కదా. దింపించడు. కింద ప్లగ్గు విప్పి, ఒక చుక్క గేరాయిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి ఎండలోకి పట్టుకుంటాడు. పసుపుగా మెరిస్తే, గేరు మార్చేటప్పుడు వేగం కలిపే ఇత్తడి రింగులు అరుగుతున్నట్టు. తెల్లగా మెరిస్తే ఉక్కు, అంటే బేరింగో పళ్లో. పసుపు కనపడితే “ఇత్తడేలే, ఫర్వాలేదు” అంటాడు. తెలుపు కనపడితే “పొడేగా, పెంకులు రాలేదుగా” అంటాడు. పెంకే వస్తే “ఒక్కటేగా” అంటాడు. ఆ తర్వాత వైద్యం మొదలవుతుంది. 90 నంబరు ఆయిలుకు బదులు 140 పోయిస్తాడు. చిక్కటి ఆయిలులో రొద కాస్త అణుగుతుంది, చలికాలం పొద్దున గేరు పడటానికి మాత్రం భుజం నొప్పెడుతుంది. క్రౌనులో పొయ్యగా మిగిలిన డబ్బా ఉంటే అదీ బాక్సులోకే. ఆ జీఎల్-5 రకం ఆయిళ్లలో చాలావాటిలో ఉండే గంధకం మందు ఇత్తడిని తింటుందని, ఇలాంటి బాక్సుకు జీఎల్-4 పొయ్యమని మేస్త్రి మొత్తుకుంటూనే ఉంటాడు. రింగులు పూర్తిగా అరిగితే డబుల్ క్లచ్ ఉండనే ఉంది. వేగం కలిపే ఆ ఏర్పాటు కాడిలాక్ కార్లలో వచ్చిందే 1928లో, అంతకుముందు లోకం గేర్లు మార్చలేదా? మూడో గేరు మరీ అరిస్తే రెండు నుంచి నేరుగా నాలుగులోకి దూకుతాడు. నాలుగు నిలవక బయటికి ఎగదన్నుతుంటే క్లీనరు కుర్రాణ్ని రాడ్డు పట్టుకుని కూర్చోమంటాడు. “బాబాయ్, చెయ్యి తిమ్మిరెక్కింది” అని వాడంటే, “ఆ చెయ్యి మార్చరా” అంటాడేగాని బాక్సు సంగతి ఎత్తడు.

డబ్బు లేక చేయించడం లేదు, ఆయన్ని చూసి నవ్వడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన మాటే. గేర్‌బాక్సు దించడమంటే జాయింటు విప్పాలి, కిందికి జాకీ దూర్చాలి, ఇద్దరు ముగ్గురు చెయ్యి వెయ్యాలి. దిగాక మేస్త్రి “ఎలాగూ దించాం గదా బాబాయ్” అని మొదలుపెట్టి క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు, సీళ్లు అంటూ చీటీ రాస్తాడు. “ఎలాగూ” అన్న మాటకు ఆటోనగర్‌లో ఉన్నంత ఖరీదు ఇంకెక్కడా లేదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి రాదు. ఫైనాన్సు కిస్తీ, మూడు నెలల ట్యాక్సు, ఇన్సూరెన్సు మాత్రం బండి నడిచినా నిలబడ్డా ఒకే లెక్క. గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు ఎక్కించుకుని, రొదతోనైనా సరే సరుకు దింపి వస్తేనే ఇల్లు గడుస్తుంది. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. కాని అదే బాబాయి అదే నెలలో కొత్త గాలి హారను బిగించాడు, డాలాకు రంగేయించాడు, అద్దానికి కుచ్చులు కట్టించాడు. పోనీ అవి ముచ్చట్లనుకుందాం. అసలు తప్పు లెక్కలోనే ఉంది. అరిగిన బేరింగు ఒంటరిగా పోదు. షాఫ్టును పక్కకు వాలనిస్తుంది. వాలిన షాఫ్టు మీద పళ్లు తిన్నగా కలవక అంచులు విరుగుతాయి. విరిగిన పెంకు ఆయిలులో తిరుగుతూ మంచి బేరింగులను కూడా కొరుకుతుంది. బేరింగు ఖర్చుకు భయపడి మొత్తం బాక్సు ఖర్చును వడ్డీతో సహా నెత్తికెత్తుకోవడం పొదుపు కిందికి రాదు. బాబాయి పుస్తకంలో మొదటి ఖర్చుకే పద్దు ఉంటుంది, రెండోదానికి పేజీ కూడా ఉండదు.

ఆయన అనుభవం ముందు నీ లెక్కలెంత అనేవాళ్లూ ఉంటారు. ఈ వాదనలో బాబాయి కూడా గొంతు కలుపుతాడు. “ఇది బెంజి ఇనుమురా” అంటాడు. టాటావారికి బెంజి కంపెనీతో ఒప్పందం కుదిరింది 1954లో, ముగిసింది 1969లో. ఈయన బండి పుట్టింది ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లకు. అయినా ఇనుముకు వంశం అంటకుండా పోతుందా అని ఆయన నమ్మకం. అనుభవాన్ని నేను కాదనను. ఏది పోయింది, ఎక్కడ పోయింది అన్నవి చెవికి తెలుస్తాయి. ఎప్పుడు విరుగుతుందన్నది ఏ చెవికీ తెలియదు. బాబాయి మొదటి రెండింటిలో నెగ్గి, ఆ ఊపులో మూడోదానిలో కూడా నెగ్గాననుకుంటాడు. నవ్వు ఆపి కోప్పడాల్సిన చోటు ఇదొక్కటే. నిండు లోడుతో దోర్నాల దారిన శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బండిని సగం పట్టి ఉంచేది గేరే. పల్లంలో గేరు ఎగదన్నితే ఇంజను పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి కాగి పట్టు వదిలేస్తాయి. రింగులు అరిగిన బాక్సులో, అంత వేగంలో, మళ్లీ గేరు పడటం దేవుడి దయ. రాడ్డు పట్టుకున్న క్లీనరు చేతి మీద అన్ని టన్నుల బరువు ఆనించే హక్కు ఎంత అనుభవానికీ లేదు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఎఫ్‌సీ ఉండనే ఉంది కదా అంటే, ఆ పూటకు లైట్లు వెలుగుతాయి, కొత్త రేడియం స్టిక్కర్లు మెరుస్తాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు బాబాయి బండి తోలే తీరు చూస్తే మూడో గేరన్నదే లేని బండి అనిపిస్తుంది.

ఈ గుణం లారీలవాళ్లకే పరిమితమని చంకలు గుద్దుకోనక్కర్లేదు. మిక్సీ అరుస్తుంటే మూత మీద చెయ్యి నొక్కిపెట్టి చట్నీ కానిచ్చేయని ఇల్లు మన వీధిలో ఎన్ని ఉంటాయి? కాకపోతే మనకు కారణం తెలియదు, బాబాయికి తెలుసు. ఆ తెలివి ఇకముందు అరుదైపోతుంది కూడా. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. డ్రైవర్లకు అది ఏనాడో దక్కాల్సిన సుఖం. కాని అద్దాలు బిగించుకున్న ఆ చల్లదనంలో బేరింగు మొరపెట్టుకుంటే వినేదెవరని బాబాయి అడిగితే, జవాబు చెప్పడం కష్టమే. అలాంటి చెవిని వృథా పోనివ్వకూడదు. చిత్రమేమిటంటే, పక్క షెడ్డులో వేరేవాళ్ల బండి ఇంత గరగరమన్నా బాబాయి స్టూలు మీద నుంచి లేచి వెళ్లి, “లే షాఫ్టు పోయింది, ఇవాళే దింపించెయ్, ఆలస్యం చేస్తే మొత్తం బాక్సు పోతుంది” అని ఖండితంగా చెబుతాడు. అక్షరం పొల్లుపోని సలహా. అటువైపు బాబాయి కూడా ఈ బండి గురించి అదే మాట అంటాడు. కనక ఆటోనగర్‌కు ఒక్క నియమం చాలు. ఎవరి బాక్సు ఎప్పుడు దించాలో పక్క షెడ్డు బాబాయి తేల్చాలి, బిల్లు మాత్రం ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. మన బాబాయి ఈ పద్ధతికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు, తేల్చే వంతు ముందు ఆయనకిస్తే.