ఫ్లాంజి చీటీ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

జలంత్రకోట నుంచి పలాస దాకా ఏ ఊళ్లో వాకబు చేసినా ఒక ఫిట్టరో వెల్డరో తగులుతాడు. కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లు వెల్డింగు నేర్చుకుని షిప్‌యార్డులకీ, సింగపూర్‌కీ, గల్ఫ్‌కీ పోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. అలాంటి ఫిట్టరొకాయన అట్టముక్క మీద రాసి స్టోర్సుకి పంపిన చీటీయే ఇక్కడ మూలం. కర్త పేరు లేదు. పూర్వకవులు కొందరు వినయంచేత పేరు దాచుకున్నారంటారు. ఈయన మాత్రం రేపు సరుకు తేడా వస్తే చిక్కకుండా ఉండాలని దాచుకున్నాడు.

మూలం

"90/10 కుప్రో నికిల్ వెల్డ్‌నెక్ ఫ్లాంజి, 4 ఇంచి, 150 క్లాసు, ఆర్‌ఎఫ్, 2 నం. సముద్రం నీళ్ల లైనుకి. అర్జంటు."

ఏ గణాలకీ లొంగలేదు. యతులు మాత్రం కామాల దగ్గర ఠంచనుగా పడ్డాయి.

ప్రతిపదార్థం

ఫ్లాంజి = పైపు చివర ఉండే, చుట్టూ బోల్టు కన్నాలున్న చక్రం. రెంటిని ఎదురెదురుగా నిలిపి, నడుమ గ్యాస్కెట్ వేసి బిగిస్తే పైపులు కలుస్తాయి. బోల్టులు విప్పితే విడిపోతాయి. నేరుగా వెల్డు చేసిన పైపుకి ఈ రెండో సుఖం లేదు.

90/10 = రాగి సుమారు తొంభై పాళ్లు, నికెల్ పది. కర్త చెప్పకుండా వదిలింది ఒకటుంది: ఇనుము, 1 నుంచి 1.8 శాతం. ఆ కాస్త ఇనుమే జోరుగా పారే నీటి కోతను ఈ లోహం తట్టుకునేలా చేస్తుంది. రంగు గులాబి ఛాయ. పాత రూపాయి బిళ్లలూ రాగి, నికెల్ కలిపినవే, కాని 75/25. అందుకే తెల్లగా ఉండేవి. స్టోర్సులో గులాబి రకం, తెల్ల రకం కలిసిపోతే ముందు రంగు చూడాలి, ఆ తర్వాతే సర్టిఫికెట్.

4 ఇంచి = ఇది లాక్షణిక ప్రయోగం. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని అర్థం చేసుకున్నట్టే, ఇక్కడా సర్దుకోవాలి. ఫ్లాంజి అంచు నుంచి అంచుకి 229 మిల్లీమీటర్లు, కన్నాలు 8. ఉక్కు పైపు బయటి కొలత 114.3. ఏదీ నాలుగంగుళాలు కాదు. పైగా పాఠభేదం ఒకటుంది: ఓడల్లో, సముద్రంలోని చమురు వేదికల మీద వాడే కుప్రో నికెల్ పైపు కొలతల పట్టికలో ఇదే సైజుకి బయటి కొలత 108. ఉక్కు లెక్కన తెప్పించిన వెల్డ్‌నెక్‌ని (పైపుకి వెల్డు చేసే మెడ ఉన్న ఫ్లాంజిని) దీని పక్కన పెడితే అంచులు కలవవు. "ఏటి మావా, సైజు తేడాగుంది?" అని హెల్పరు అడిగేసరికి సరుకు ఊరు దాటి వచ్చేసి ఉంటుంది.

150 క్లాసు = మోసే ఒత్తిడి తరగతి. అంకె ఒకటే, మోత లోహాన్ని బట్టి. 38 డిగ్రీల దగ్గర మామూలు ఉక్కు 19.6 బార్లు మోస్తే, ఎన్నో రెట్లు ఖరీదైన మోనెల్ అనే నికెల్, రాగి మిశ్రమం 15.9 బార్లే మోస్తుంది.

ఆర్‌ఎఫ్ = గ్యాస్కెట్ కూర్చునే చోటు సుమారు 2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్న ముఖం. ఎదురుగా సమతల ముఖమున్న పోత కంచు వాల్వు ఉందేమో చూసి మరీ బిగించాలి. చూడకుండా బిగిస్తే పగిలేది వాల్వే.

పూర్వపక్షం

"సముద్రానికైతే నికెల్ ఎక్కువున్న మోనెలే వెయ్యొచ్చుగా?" ఈ ప్రశ్న డబ్బున్న యజమానిది. మోనెల్‌లో నికెల్ కనీసం 63 శాతం, మిగతాది చాలామటుకు రాగి. 1905 ప్రాంతంలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో రాబర్ట్ స్టాన్లీ దాన్ని తయారుచేసి, కంపెనీ అధ్యక్షుడు ఆంబ్రోస్ మోనెల్ పేరు పెట్టాడు. కృతిభర్త దొరికిన లోహం! ఇంటిపేరుని ట్రేడ్‌మార్కుగా ఒప్పుకోరని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తగ్గించారు.

సిద్ధాంతం: వద్దు. నీళ్లు పారుతున్నంతసేపూ మోనెల్ మహారాజే. పంపు ఆగి, ఉప్పునీళ్లు అలాగే నిలిచిపోతే దానికి గుంటలు పడతాయి. రాగి ఎక్కువున్న 90/10కి ఆ భయం తక్కువ. పడవల అడుక్కి పట్టే చిప్పలు కూడా దాన్ని అంత తేలిగ్గా అంటుకోవు. దాని హద్దు వేరేచోట ఉంది. ఈ సైజులో నీటి వేగం సెకనుకి 3.5 మీటర్లు దాటితే పైనున్న రక్షణ పొర కొట్టుకుపోతుంది. ఉప్పునీళ్లు మరిగించి ఉప్పు తీసే ఫ్యాక్టరీ అయితే మోనెల్ సబబే. మన నౌపడ ఉప్పుమడుల్లో ఆ పని ఎండే చేస్తుంది, ఫ్లాంజి ఊసే లేదు.

విశేషార్థం

చీటీకి ప్రాణం "సముద్రం నీళ్ల లైనుకి" అన్న మాట. స్టోర్సువాళ్లు చదవకుండా దాటేసేదీ అదే. ఆ మాట చెరిపేస్తే ఈ రెండు ఫ్లాంజులు ఎక్కడికైనా పోవచ్చు. రొయ్యల హేచరీకి పోయాయనుకోండి, అక్కడా సముద్రం నీళ్లే. కాని చిప్పలు అంటకుండా కాపాడిన ఆ రాగే నీట్లో కరిగి సీడుని, అంటే రొయ్యపిల్లల్ని, చంపుతుంది. అందుకే హేచరీల్లో ప్లాస్టిక్కు గొట్టాలు.

చేపల ఐస్ ప్లాంటుకి పోతే మరో ప్రమాదం. అక్కడ తిరిగేది అమ్మోనియా, అది రాగి జాతినే ఓర్వదు. పూర్వం మన దేశంలో బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటాలను వానాకాలం గుర్రపుశాలల్లో దాస్తే, వాడకుండానే పగుళ్లిచ్చేవి. దోషం గుర్రాల ఉచ్చలోంచి వచ్చే అమ్మోనియాదని 1921లో తేల్చారు. బుడితి ఇత్తడి చెంబైనా, సింగపూర్ ఫ్లాంజి అయినా ఐస్ ప్లాంటు లైనులో నిషిద్ధమే. అక్కడ ఉక్కే గతి. పలాస జీడిపిక్కలు ఉడికించే ఆవిరి లైనుకీ ఉక్కే. అక్కడ మాత్రం గతిలేక కాదు, చాలు కాబట్టి.

శేషం

2 నం. = రెండు ఫ్లాంజులా, రెండు జతలా? సంస్కృతంలోలా ద్వివచనం ఉన్నా ఈ సందేహం తీరదు. ఇలాంటప్పుడు సప్లయరు తనకి లాభమైన అర్థమే తీసుకుంటాడు.

అర్జంటు = పాదపూరణం.

గ్యాస్కెట్లు, బోల్టులు, అవతల ఉక్కు పైపు ఉంటే రెండు లోహాలూ తాకకుండా బోల్టులకి తొడిగే ఫైబరు గొట్టాలు (అవి లేకపోతే ఉప్పునీళ్లలో ఉక్కు వైపునే తుప్పు తినేస్తుంది) మూలంలో లేవు. అవన్నీ ఉత్తరకాండలో, అంటే రెండో చీటీలో వస్తాయి. దాని మీదా అర్జంటనే ఉంటుంది.