కాస్త మెల్లిగా గుద్దండి సార్!

బడిలో పరుగు పందెం పెట్టినప్పుడల్లా అందరి వీపులూ తీరిగ్గా చూసే భాగ్యం నాకొక్కడికే దక్కేది. మా డ్రిల్లు మాస్టారు రెండేళ్లు ఓపిక పట్టి, మూడో ఏడు "నువ్వు పరిగెత్తొద్దుగానీ ఈ ఈల ఊదరా" అని బరువు దించుకున్నారు. ఆ ఏడాదిలోనే ఈల కూడా వెనక్కి లాక్కున్నారు. పిల్లలు సగం దూరం పోయాక నేను మొదలెట్టమని ఊదుతున్నానట.

అలాంటి నేను యాభై ఏళ్లుగా ఒలింపిక్స్‌లో ఉన్నాను. పరిగెత్తేది వాళ్లు, పట్టుకునేది నేను. పట్టకారుతో.

దీనికంతటికీ కారణం మా బాబాయి. గుంటూరులో పొగాకు ఎగుమతి చేసే కంపెనీలో గుమాస్తా. 1976లో, మాంట్రియల్ ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లో తెనాలి వస్తూ నాకోసం రెండు తెచ్చాడు. ఆఫీసుకి రష్యా నుంచీ ఆ చుట్టుపక్కల దేశాల నుంచీ వచ్చిన ఉత్తరాల కవర్ల ముక్కలు ఒక సంచీడు. పుస్తకాల షాపులో కొన్న స్టాంపుల ప్యాకెట్టొకటి. ప్యాకెట్టు నిండా ఆటగాళ్లే. హంగేరీ వాడి కత్తియుద్ధం, బల్గేరియా వాడి బరువులు, అజ్మాన్, మనామా అనే పేర్లతో అరచేతి వెడల్పున తళతళలాడే పరుగువీరులు. మనామా ఎక్కడుందని సోషలు మాస్టారిని అడిగితే, పరీక్షల్లో రాని ఊళ్లు అడగొద్దన్నారు.

సంచీలోని ముక్కల్ని నీళ్లలో నానబెడితే స్టాంపు దానంతటదే ఊడి వస్తుందని బాబాయి చెప్పాడు. నానబెట్టడానికి వాటమైన గిన్నె ఇంట్లో ఒక్కటే, అమ్మ చారు గిన్నె. నేను వంటింట్లో ఓ మూల కూచుని రష్యాని నానబెడుతుంటే నాయనమ్మ వచ్చి ఇదేమిట్రా అంది. స్టాంపు వెనక ఉమ్ముతో తడిపి అతికిస్తారనీ, ఆ జిగురే ఇప్పుడు వదులుతోందనీ శాస్త్రీయంగా వివరించాను. అదే నేను చేసిన పొరపాటు.

"ఒరేయ్, దేశదేశాల ఎంగిలీ తెచ్చి చారు గిన్నెలో నానబెడతావుట్రా!"

ఆ గిన్నె మళ్లీ పొయ్యెక్కలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. యాభై ఏళ్లలో నూట పాతిక దేశాల ఎంగిలి చూసింది.

మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టరు గారొకరు ఉండేవారు. నా హంగేరీ స్టాంపులు గర్వంగా తీసుకెళ్లి చూపించాను. ప్రతిదాని మీదా మూలన ఎంతో పొందిగ్గా, పావు చందమామలా, ముద్ర. బొమ్మకి ఇసుమంత మరక లేదు. ఆయన ఒకటి తీసి వెనక్కి తిప్పారు.

"వెనక జిగురుందా?"

"ఉందండీ, నిగనిగలాడుతోంది."

"కవరుకి అంటించి, ఊరు దాటించి, నీళ్లలో నానబెట్టి తీసిన స్టాంపుకి జిగురెలా మిగిలిందిరా?"

నోట మాట రాలేదు. ఇది ఏ కవరూ ఎక్కలేదు, ఏ ఊరూ పోలేదు, అమ్మకానికని వాళ్ల దేశంలోనే ముద్రతో సహా తయారుచేసి నీలాంటి వాళ్లకి పంపిస్తారు, అన్నారాయన. పందెంలో దిగకుండా పతకం వేసుకుని తిరిగేవాళ్లన్నమాట. మనామా సంగతి ఇంకా ఘోరం. గల్ఫ్‌లోని ఆ చిన్న చిన్న ఎమిరేట్లు సేకరించేవాళ్ల డబ్బు కోసమే కుప్పలు తెప్పలుగా స్టాంపులు వేశాయి. అనుభవజ్ఞులు వాటిని ఇసుకదిబ్బలంటారు. 1971లో అవి కలిసి ఒకే దేశమయ్యాయి. దిబ్బలు మాత్రం నా ఆల్బంలో ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి నాకు స్టాంపు కన్నా ముద్ర మీద గురి కుదిరింది. స్టాంపుదేముంది, అందం చూపిస్తుంది. ఫలానా రోజున, ఫలానా ఊళ్లో ఉన్నానని సాక్ష్యం చెప్పేది ముద్ర.

ఎందుకంటే స్టాంపులు అబద్ధాలాడతాయి. మొట్టమొదటి ఒలింపిక్ స్టాంపులే చూడండి. 1896లో ఏథెన్స్‌లో ఆటలు జరపడానికి గ్రీసు దగ్గర డబ్బు లేదు. చందాలు పోగేశారు, స్టేడియం ఖర్చు అవెరోఫ్ అనే కోటీశ్వరుడు భరించాడు, ఇంకా చాలక 12 స్టాంపుల సెట్టు వేసి అమ్మారు. అందులో ఒకదాని మీద ఇద్దరు బాక్సర్లు కలబడుతుంటారు, ఇంకోదాని మీద నాలుగు గుర్రాల రథం దూసుకుపోతుంటుంది. తీరా ఆ ఒలింపిక్స్‌లో బాక్సింగూ లేదు, రథాల పందెమూ లేదు. భోజనం పెడతామని పిలిచి గోడ మీద లడ్డూ బొమ్మ చూపించినట్టు! పోనీ ముద్రనైనా నమ్ముదామంటే అక్కడో తిరకాసు. ఆటలు మొదలైంది ఏప్రిల్ 6న, ఆనాటి ఏథెన్స్ ముద్ర మీద ఉండేది మార్చి 25. గ్రీసు అప్పటికింకా పాత పంచాంగమే వాడుతోంది మరి. తిథుల తేడాలొచ్చి ఉగాది రెండు రోజులు చేసుకున్న జాతి వాళ్లం గనక ఇది మనకి చప్పున అర్థమవుతుంది.

1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో. గుర్రపుస్వారీ పోటీలు మాత్రం స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లో, అదీ ఐదు నెలలు ముందుగా జూన్‌లో. బయటి గుర్రాలకి ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనలు అంత కఠినం. స్వీడన్ వాళ్లు గుర్రపు రౌతు బొమ్మతో స్టాంపులు వేశారు. దాంతో ఒకే ఒలింపిక్స్‌కి రెండు ఖండాల ముద్రలు సేకరించుకోవాల్సి వచ్చింది. మనుషులు ఓడెక్కి, విమానమెక్కి పోగలిగిన చోటికి గుర్రం పోలేకపోయింది. ఆ రెండో ముద్ర కోసం నేను పదకొండేళ్లు వెతికాను. దానికయిన ఖర్చుతో ఒక గుర్రాన్ని కాకపోయినా గాడిదనైనా కొనవచ్చని మా ఆవిడ లెక్క కట్టింది. ఇంట్లో ఒకటి ఉందిగా అని నేనే అనేశాను, ఆవిడకి ఆ శ్రమ ఎందుకని.

అమెరికా వాళ్లయితే మాస్కో ఒలింపిక్స్ స్టాంపులు 1979లోనే అచ్చేసి అమ్మకానికి పెట్టారు. అఫ్గానిస్తాన్ గొడవతో మాస్కో వెళ్లకూడదనుకున్నాక, 1980 మార్చిలో అమ్మకం ఆపేశారు. శుభలేఖలు పంచాక పెళ్లి మానుకున్న ఇల్లన్నమాట. టోక్యోది ఇంకో బాపతు. పెళ్లి ఏడాది వాయిదా పడినా శుభలేఖ మీద తేదీ మార్చలేదు. ఆటలు జరిగింది 2021లో, పేరు మాత్రం టోక్యో 2020. వందేళ్ల తర్వాత నాలాంటివాడొకడు ఆ రెండు అంకెలూ పట్టుకుని ఇంట్లో వాళ్లని ఎంత విసిగిస్తాడో తల్చుకుంటే నాకిప్పుడే ముచ్చటేస్తుంది.

ఇక మన సంగతి. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియాడ్ జరిగినప్పుడు రెండణాలది, పన్నెండణాలది రెండు స్టాంపులు వేశారు, కాగడా, ఆసియా పటంతో. అంతవరకూ బాగానే ఉంది. 1976లో మాంట్రియల్‌కి వేసిన సెట్టులో హాకీ స్టాంపు పెట్టారు. మనవాళ్లు ఏడో స్థానంలో వచ్చారు. 1980లో మాస్కోకి హైజంపు, గుర్రపుస్వారీ బొమ్మలు వేసి హాకీ ఊసెత్తలేదు. హాకీలో స్వర్ణం వచ్చింది! దీన్నిబట్టి నేనో సిద్ధాంతం కనిపెట్టాను: ఏ ఆట స్టాంపు మీదకెక్కితే ఆ ఆటకి దిష్టి తగులుతుంది. 1966లో బ్యాంకాక్ ఏషియాడ్ హాకీ విజయానికి స్టాంపు వేశారంటే, గెలిచాకే వేశారు. పద్ధతంటే అదీ. పిల్ల పుట్టాక కదా గౌను కుట్టించాలి.

2012లో నా సిద్ధాంతానికి గండి పడింది. లండన్ ఒలింపిక్స్‌కి మన తపాలా శాఖ వేసిన సెట్టులో బ్యాడ్మింటన్ ఉంది. మన హైదరాబాదు పిల్ల సైనా నెహ్వాల్ కాంస్యం తెచ్చేసింది. గండి పడితే పడిందిగానీ ఆ స్టాంపు మీద మంచి ముద్ర వేయించుకోవాలని, ఇంట్లో సిద్ధంగా ఉన్న కవరొకటి తీసుకుని ఓ పోస్టాఫీసుకి వెళ్లాను. ఏ పోస్టాఫీసో చెప్పను. అక్కడ నాకింకా పని పడుతుంది.

కౌంటరు దగ్గర కుర్రాడు మంచివాడే. ఆ ముద్ర ఎడమవైపు మూలకి, బొమ్మకి తగలకుండా, తేదీ స్పష్టంగా కనబడేలా వేయాలని వేలితో గీసి చూపించాను.

"సీలేగా సార్, వేస్తాను."

"కాస్త మెల్లిగా గుద్దండి సార్. ఇంకు ముందు వేరే కాగితం మీద అద్ది…"

అతను ఇంకు అద్దలేదు, ముంచాడు. చెయ్యి పైకెత్తాడు. ఒలింపిక్స్‌లో సుత్తి విసిరేవాళ్లు కూడా అంత పైకెత్తరు. ధన్‌మని పడింది. పక్క కౌంటర్లో మనియార్డరు కట్టే పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. నా కవరు మీద బ్యాడ్మింటన్ లేదు, లండన్ లేదు, తేదీ లేదు. అమావాస్య ఉంది.

"ఇదేంటి బాబూ!" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"సార్, సీలు వేసేదే ఆ స్టాంపు ఎవడూ మళ్లీ వాడకుండా. మీరు చెప్పినట్టు మెల్లిగా, మూలకి వేస్తే అది సీలెలా అవుతుంది?"

అతనన్నదాంట్లో తప్పేముంది చెప్పండి? స్టాంపుని చంపడం అతని ఉద్యోగం, బతికించుకోవడం నా పిచ్చి. ప్రత్యేక ముద్రలు కొట్టడానికి పెద్ద పోస్టాఫీసుల్లో ఫిలాటెలిక్ బ్యూరోలున్నాయి, అక్కడికి పోయుంటే పెళ్లికూతురికి బొట్టు పెట్టినట్టు పెట్టిచ్చేవారు. కానీ అలా పెట్టించుకున్న ముద్రని చూసినప్పుడల్లా నాకు హంగేరీ జిగురు గుర్తొస్తుంది. మామూలు పోస్టాఫీసులో, మామూలు గుద్దుడులో, అదృష్టవశాత్తూ బాగా పడిన ముద్ర ఉంటుందే, దాని దర్జా దానిది.

ఇంటికొచ్చి ఆ అమావాస్యని మా ఆవిడకి చూపించి గోడు వెళ్లబోసుకున్నాను. ఇరవై ఒక్కేళ్లు ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న సమరాంచ్ అంతటివాడే ఒలింపిక్ స్టాంపులు సేకరించాడు, ఈ సేకరణలకి ప్రపంచ స్థాయి ప్రదర్శనలు కూడా ఉన్నాయి, 1985లో లోజాన్‌లో మొదలయ్యాయి, అని చెప్పాను.

"ఆయనకి అవి పెట్టుకోవడానికి వేరే గది ఉండుంటుందిలెండి. మీవి నా పట్టుచీరల కింద ఉన్నాయి" అంది.

నిజమే. సి.కె. నాయుడు గారు కూడా ఆ చీరల కిందే ఉన్నారు. భారత టెస్టు జట్టుకి మొదటి కెప్టెనైన ఈ తెలుగు మూలాలున్న పెద్దమనిషి స్టాంపుని 1996లో వేశారు. క్రికెట్టు నా సేకరణ కిందికి రాదు, అయినా ఉంచాను. బంధుప్రీతి.

కానీ నేను నిజంగా వెతికే ముద్ర వేరే ఉంది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో. దగ్గరి పట్నం ఆమదాలవలస. ఆమదాలవలసలో మా పిన్ని ఉండేది. సరిగ్గా ఆ రోజునే పిన్ని నాకో ఇన్‌లాండ్ లెటర్ రాసింది. మల్లీశ్వరి గురించి కాదు. నువ్వుల నూనె పంపిస్తున్నాననీ, డబ్బా తిరిగి పంపమనీ. లోపల పైన 19-9-2000 అని ఆవిడ చేతిరాత. బయట ముద్రలో "ఆమదాలవలస" ముత్యాల్లా పడింది. తేదీ దగ్గర మాత్రం గుండ్రటి మరక. భూతద్దం పెట్టినా, ఎండకి ఎత్తి పట్టుకున్నా, ఒకటి అంకె తల ఒక్కటే కనబడుతుంది. అది పందొమ్మిదిలోని ఒకటో, ఇరవై ఒకటిలోని ఒకటో ఎవరు చెప్పాలి? పిన్ని రాసిన రోజే పోస్టు డబ్బాలో వేసిందనడానికి సాక్ష్యం లేదు. అడుగుదామంటే పిన్ని లేదు. నూనె డబ్బా మాత్రం మా అటక మీదే ఉంది.

అంచేత ఇది చదివేవాళ్లకో మనవి. మీ అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో, మీ అమ్మగారి కాలం నాటి ఉత్తరాల కట్టలోనో ఆమదాలవలస ముద్ర, 2000 సెప్టెంబరు 19 తేదీతో కనబడితే పారేయకండి. శుభలేఖైనా సరే, కరెంటు బిల్లు గొడవైనా సరే. మార్పిడికి నా దగ్గర హంగేరీ స్టాంపులు నలభై ఉన్నాయి. వెనక జిగురు కూడా చెక్కుచెదరలేదు.