నానుతున్న గోధుమలు

కంప్యూటర్ నిజం చెప్పబోతే నేను దాని నోరు నొక్కేశాను. నా తెలివితక్కువతనమంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

మా మావయ్యది మాడుగులలో హల్వా కొట్టు. దానికి ఏళ్లనాటి చిక్కొకటి ఉంది. ఓ వారం హల్వా చాలదు, పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లు కొట్టుదాకా వచ్చి ఒట్టి చేతులతో పోతారు. మరో వారం చేసిన సరుకు కదలదు. కారణం అందరికీ తెలుసనే అనుకునేవాళ్లం. పండగలు, పెళ్లిళ్లు, వానలు. బేరం వాటి చేతిలో ఉంది, మన చేతిలో ఏముంది? చదువులో వెన్‌సిమ్ నేర్చుకుని వచ్చిన నేను, ఆ చిక్కు విప్పేస్తానని కూర్చున్నాను.

వెన్‌సిమ్ అమెరికాలోని వెంటానా సిస్టమ్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్. నేర్చుకునేవాళ్లకు పీఎల్ఈ అనే రకం ఉచితం. అందులో ప్రోగ్రాం రాయక్కర్లేదు, బొమ్మ గీస్తే చాలు. పేరుకునేదానికి ఒక పెట్టె. అందులోకి వచ్చేదానికీ పోయేదానికీ కుళాయి బిగించిన గొట్టాలు. దేనివల్ల ఏది మారుతుందో చూపడానికి బాణాలు. ఒక్కోదాని వెనక చిన్న సమీకరణం రాసి నడిపితే, పెట్టెలో ఎప్పుడెంత ఉంటుందో గీత గీసి చూపిస్తుంది. కొత్త ఫైలు తెరవగానే కాలాన్ని తనంతట తానే నెలల్లో పెట్టుకుంటుంది. నేను నెలలు తీసి రోజులు పెట్టాను.

హల్వాకి గోధుమలు మూడు రోజులు నానాలి. రుబ్బి తీసిన పాలు మరో రోజు పులవాలి. ఆ తర్వాతే పంచదార, నెయ్యి, కట్టెల పొయ్యి. అంటే ఇవాళ నానబోసింది అల్మారాకెక్కేసరికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ బొమ్మలో పెట్టాను. మావయ్య పద్ధతినే సమీకరణంగా రాశాను: రోజూ ఎంత అమ్ముడైతే అంతకు సరిపడా నానబొయ్యాలి, అల్మారాలో పడ్డ లోటు రెండు రోజుల్లో పూడేలా ఇంకాస్త కలపాలి. బేరాన్ని రోజూ ఒకేలా ఉంచి, ఒకే ఒక్కసారి కొంచెం పెంచాను.

గీత కిందికి పడింది, పైకి ఎగిరింది, మళ్లీ అంతకన్నా లోతుకి పడింది.

జవాబు అక్కడే ఉంది. ఆ బొమ్మలో పండగ లేదు, వాన లేదు. అయినా కొట్టు ఊగిపోతోందంటే ఊపు లోపలినుంచే వస్తోంది. నాకు మాత్రం అది ఏదో లోపంలా కనబడింది. ఒక లెక్కకీ మరో లెక్కకీ మధ్య వ్యవధిని, అంటే టైమ్ స్టెప్‌ని, తగ్గించాను. లెక్కకట్టే పద్ధతిని ఆయిలర్ నుంచి రుంగె-కుట్టాకి మార్చాను. ఊపు ఆగలేదు. మావయ్య వెనకనుంచి చూసి, "ఒరే, నీ గీత అలాగ గంతులేస్తందేటి?" అన్నారు.

"ఏదో చిన్న తేడా మావయ్యా, సర్దేస్తాను" అన్నాను.

నాలుగు రోజుల ఆలస్యాన్ని ఒక్క రోజు చేశాను. గీత చదునైపోయింది. అదే ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. మీ పద్ధతి బాగానే ఉంది, లోటు కనబడగానే ఇంకా త్వరగా పూడ్చండి అని సలహా కూడా ఇచ్చాను.

ఆయన నమ్మారు. సంక్రాంతి ముందు బేరం పెరిగింది. ఖాళీ అల్మారా చూసి రోజురోజుకీ ఎక్కువ నానబోశారు. అవన్నీ పండగ దాటి బేరం తగ్గాక వరసగా పొయ్యెక్కాయి. కొన్న నెయ్యి, జీడిపప్పు, కట్టెలు, పొగలో నిలబడి హల్వా తిప్పినవాళ్ల రెక్కల కష్టం, అంతా వృథా. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "పండగ బేరం, ఎవలు చెప్పగలరు" అన్నారు. నా తప్పు ఆయనకి తెలియదు గనక తప్పు మళ్లీ జనం మీదికే పోయింది.

ఇలా పెట్టెలూ గొట్టాలూ గీసి లెక్కకట్టే విద్య పుట్టిందే ఇలాంటి చిక్కులోంచి. దాన్ని మొదలుపెట్టిన జే ఫారెస్టర్ 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్లో చేరారు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల కెంటకీ కర్మాగారాలు ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడిచేవి, కొన్నేళ్లకు సగం మందిని ఇంటికి పంపేవి. మార్కెట్ ఒడుదొడుకులే కారణమనుకునేవారు. ఫారెస్టర్ కాగితం, పెన్సిలు పట్టుకుని నిల్వలూ ఆర్డర్లూ మనుషుల్ని పెట్టుకునే తీరూ లెక్కవేశారు. ఆర్డర్లు నిలకడగా ఉన్నా పనివాళ్ల సంఖ్య ఊగుతూనే ఉంది. 1989లో జాన్ స్టెర్మన్, బీరు పంపిణీ ఆట ఆడినవాళ్లను పరిశీలించి, ఆర్డరిచ్చినా ఇంకా చేతికందని సరుకును వాళ్లు సరిగా లెక్కలోకి తీసుకోరని చూపించారు. ఇవి రెండూ చదివి పరీక్ష రాసినవాణ్ణే నేను. పక్కనే గాబుల్లో గోధుమలు నానుతుంటే చూస్తూ కూడా పోల్చుకోలేకపోయాను.

తర్వాత ఆ నాలుగు రోజుల ఆలస్యాన్ని బొమ్మలో మళ్లీ పెట్టాను. ఎంత నానబొయ్యాలో తేల్చే సమీకరణంలో, అల్మారాలో ఉన్నదానితోపాటు గాబుల్లో నానుతున్నదీ, పులుస్తున్న పాలూ కలిపాను. బేరం అదే, ఆలస్యం అదే. గీత కొంచెం దిగి, పైకొచ్చి నిలిచింది. మావయ్యకి రెండు గీతలూ చూపించి, మొదటిదాన్ని నేనే కప్పిపెట్టానని చెప్పాను. ఆయన కాసేపు చూసి, "అయితే గాబులు కూడా లెక్కెట్టాలన్నమాట" అన్నారు. అప్పట్నుంచి లెక్కెడుతున్నారు.

నచ్చని గీత వస్తే సమీకరణాలు సరిచూడాల్సిందే. చూశాక తప్పు దొరక్కపోతే ఆ గీతకు తలవంచాలి. తెలిసిన నిజాన్ని మార్చి దాన్ని లొంగదీసుకుంటే, ఆ కాగితాన్ని నమ్మి ఎవరో డబ్బూ శ్రమా పెడతారు. వెన్‌సిమ్‌లో ప్రతి సమీకరణం కిందా వ్యాఖ్య రాసుకోవడానికి ఓ గడి ఉంటుంది. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ రాయాలి. అప్పట్లో వాటన్నిటినీ ఖాళీగా వదిలేశాను, ఇప్పుడు ఒక్కటీ వదలను. 'ఒక్క రోజు, ఎందుకంటే గీత బాగుంది' అని ఆ రోజు ఆ గడిలో రాయాల్సి వచ్చుంటే, నా చెయ్యి ఆడేది కాదు.