నేను తిరిగి రాకూడని కవరును

నా పుట్టుకే అపశకునం. పత్రికకు పంపే కథతో పాటు వెళ్ళే తిరుగు కవరును నేను. సొంత అడ్రసు రాసి, స్టాంపులంటించి, మూడు మడతలు పెట్టి నన్ను కథ వెనకాల దూరుస్తారు. కథ నచ్చితే పత్రిక వాళ్ళకు నాతో పనిలేదు. నచ్చకపోతేనే నా ఉద్యోగం మొదలు. అంటే నన్ను తయారుచేసిన మనిషే నేను ఇల్లు చేరకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. శుభలేఖల కవర్లను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే.

నా మీది అడ్రసు ఆలంగాయం, వాణియంబాడి మీదుగా, ఉత్తర ఆర్కాటు జిల్లా. రాసింది ఒక ఎలిమెంటరీ బడి పంతులు. బళ్ళో చెప్పేది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. సంవత్సరం 1977. తెలుగు పిల్లల పత్రికకు కథ పంపడానికి ఆలంగాయం మారుమూల అనుకుంటారేమో, కానేకాదు. 1945లో న్యాయపతి రాఘవరావు దంపతుల ‘బాల’ పుట్టింది మద్రాసులో. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిల ‘చందమామ’ వచ్చిందీ మద్రాసు నుంచే. రాజమండ్రిలో రాసేవాడికన్నా మా పంతులికే ఆ ఊరు దగ్గర. బస్సులో వాణియంబాడి, అక్కణ్ణుంచి రైల్లో తపాలా సంచీ. మర్నాటికల్లా మద్రాసు.

ఏ పత్రికకు వెళ్ళానో చెప్పను. ఇతరుల ఉత్తరాల గుట్టు బయటపెట్టడం కవరు జాతికి తగదు. అక్కడ బల్ల మీద మాలాంటి తిరుగు కవర్లు కట్టలు కట్టలు. గుడియాత్తం నుంచి వచ్చినదొకటి నా పక్కనే ఉండేది. అగ్గిపెట్టెల కార్ఖానా అడ్రసు కొట్టేసి, దాని కిందే సొంత అడ్రసు రాసుకున్న పొదుపరి ఎవరో పంపాడు దాన్ని. అడుగున పడివున్న ఒక ముసలి కవరు మాకు కబుర్లు చెప్పేది. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో ‘బాల’లోనే అచ్చయిందట. అప్పటికి ఆయనకు నిండా పదిహేనేళ్ళు లేవు. ‘చందమామ’లో కొడవటిగంటి కుటుంబరావు గారు వచ్చిన కథల్లో చాలావాటిని తిరగరాసి, పత్రిక మొత్తానికీ ఒకే తీరు తెలుగు ఉండేలా చూస్తారట. ఈ రెండో కబురు మా పంతులికి ముందే తెలిసుంటే తన కథలోని సంస్కృత సమాసాలకు అంత చెమటోడ్చేవాడు కాదు.

మా కథలో ఒక అబద్ధాల నక్క. చివర పావు పేజీ నీతి. చదివినాయన ఆ పావు పేజీ దగ్గర ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీశాడు. నా మడతలు విప్పి, చిన్న అచ్చు చీటీతో పాటు కథను నాలో పెట్టి జిగురు రాశాడు. అచ్చు చీటీలో ‘చింతిస్తున్నాము’ అని ఉంది. ఎవరూ చింతించలేదు, నేను చూశాను.

పోస్ట్‌మ్యాన్ నన్ను అరుగు మీద పడేసి వెళ్తే పంతులు తీసుకోలేదు. ఎనిమిదేళ్ళ కూతురు చింపి కథ చదివింది. చదివి, “నాయనా, నక్క తర్వాత ఏమయిందో చెప్పకుండా అబద్ధమాడరాదని చెప్తావేంది? అది మాకు బళ్ళో రోజూ చెప్తానే ఉండారు గదా” అంది. ఎర్ర పెన్సిలు గీత సరిగ్గా అక్కడే ఉందని దానికి తెలియదు.

పంతులు ఆ రాత్రి నన్ను అంచుల వెంట కోసి విప్పాడు. కాగితం దండగ చేసే ఇల్లు కాదది. నా లోపలి తెల్లవైపు కొత్త కథ మొదలుపెట్టాడు. ఈసారి నక్కలు లేవు. ఆలంగాయం నుంచి జవ్వాది కొండెక్కితే కావలూరు. అక్కడి వేధశాలలో 1972 నుంచి ఒక మీటరు టెలిస్కోపు ఉంది. 1977 మార్చి 10 రాత్రి యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందని దాన్ని అటు తిప్పారు. గ్రహం ఇంకా అడ్డం రాకముందే చుక్క కాంతి కాసేపు తగ్గి మళ్ళీ పెరిగింది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది ఆ రాత్రి పరిశీలనలతోనే. విమానంలో టెలిస్కోపు పెట్టుకుని చూసిన అమెరికావాళ్ళకే పేరంతా వచ్చిందనుకోండి, అది వేరే పంచాయితీ. పంతులికి కావలసింది వలయాలు కాదు. కొండ మీద మేకలు కాసే పిల్లాడు ఆ టెలిస్కోపు కాపలాదారుని అడిగే ఒక్క ప్రశ్న, “చుక్క ఎందుకు కన్నుగీటింది?”

రాసిన ప్రతి ముక్కా ముందు కూతురికి చదివి వినిపించాడు. అది నీళ్ళు తాగుతానని లేచిన చోటల్లా కొట్టేశాడు. నా ఒళ్ళంతా కొట్టివేతలే. సమాసాలు ఎగిరిపోయాయి. కాపలాదారు మూడు వాక్యాల ఉపన్యాసం ఒక నవ్వయింది. పిల్లాడికి జవాబు దొరికిందో లేదో చెప్పకుండా, మరుసటి రాత్రి కూడా మేకల్ని వదిలేసి వాడు కొండెక్కడంతో కథ ఆపేశాడు. ‘కన్నుగీటిన చుక్క’ అని పేరు పెట్టింది కూతురే.

సాపు ప్రతితో ఇంకో తిరుగు కవరు వెళ్ళింది. అది తిరిగి రాలేదు. కొన్ని నెలలకు మనియార్డరు వచ్చింది, దాని వెనకే బుక్‌పోస్టులో పత్రిక. బొమ్మలో మేకలు మరీ బలిసి ఉన్నాయని పంతులమ్మ అంది. జవ్వాది మేకలు అలా ఉండవు, నిజమే.

ఇప్పుడు నేను ట్రంకుపెట్టెలో ఆ పత్రిక పేజీల మధ్య ఉన్నాను. ‘బాల’ లేదు, ‘చందమామ’ అచ్చూ ఆగిపోయింది. ఆలంగాయం ఉన్నది ఇప్పుడు తిరుపత్తూరు జిల్లాలో. 2006 చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరైంది. ఆ కూతురి మనవడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, చదవలేడు. వాడికి ఈ కథ ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే.

అందుకే పిల్లలకు రాసేవాళ్ళకు నా మనవి. ఈమెయిల్లో పంపండి, ఎలాగైనా పంపండి, కానీ ముందు ఒక పిల్లకు పైకి చదివి వినిపించండి. ఆ పిల్ల మధ్యలో నీళ్ళకని లేస్తే, లేచిన పేజీ నుంచి మళ్ళీ రాయండి.