మడి క్యారియర్‌లో రాదు

పోస్ట్‌గ్రెస్ డేటాబేసుని నమ్ముకుని బతికే నాలాంటివాళ్లకి మేనేజర్లు హుషారుగా వేసే ఆర్డరు ఒకటుంది. "అవతలి సర్వర్లో టేబుళ్లన్నీ రూల్స్‌తో సహా ఇటు లాగెయ్. ఒక్క కమాండే కదా!"

కమాండ్ ఒక్కటే, కాదనను. ఇంపోర్ట్ ఫారిన్ స్కీమా. 2016లో విడుదలైన 9.5 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు పరాయి టేబుల్ (అదే, ఫారిన్ టేబుల్) కావాలంటే ప్రతి కాలమూ చేత్తో టైపు చేసుకోవాల్సిందే. ఆ చాకిరీ చేసినవాళ్లకి ఈ కమాండ్ మీద భక్తి పుడితే తప్పేముంది?

కొట్టగానే కాలమ్‌లు వస్తాయి, డేటా టైపులు వస్తాయి, ఖాళీ వదలకూడదనే నాట్ నల్ కూడా వస్తుంది. ఇక అంతే సంగతులు. ప్రైమరీ కీ రాదు, యూనిక్ రాదు, ఫారిన్ కీ అసలే రాదు. (ఫారిన్ టేబుల్‌కి ఫారిన్ కీ లేకపోవడమేమిటని నన్నడక్కండి.) షరతు పెట్టే చెక్ కన్‌స్ట్రెయింట్ కావాలంటే మనమే కూర్చుని రాసుకోవాలి.

"అదేంటి, అవతల ఉన్నాయిగా!" అన్నారు సారు. ఉన్నాయి సార్. బామ్మ మడి కట్టుకుని చేసిన పులిహోర క్యారియర్‌లో ఆఫీసుకొస్తుంది, మడి మాత్రం వంటింటి గడప దాటదు. ఇక్కణ్ణుంచి పిచ్చి డేటా ఇన్సర్ట్ చేసి చూడండి, అవతలి సర్వర్ తన రూల్ తీసి మొహాన కొడుతుంది.

అసలు తమాషా ఆ చెక్ మనం రాశాక మొదలవుతుంది. ఫారిన్ టేబుల్ మీది చెక్‌ని పోస్ట్‌గ్రెస్ అమలు చేయదు, నమ్ముతుంది! "వయసు 18కి తగ్గదు" అని రాశామనుకోండి. కన్‌స్ట్రెయింట్ ఎక్స్‌క్లూజన్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటే, 18 లోపు వాళ్లని చూపించమని అడిగినప్పుడు అవతలి సర్వర్ గడప కూడా తొక్కకుండా "ఎవరూ లేరండీ" అనేస్తుంది. అవతల పన్నెండేళ్ల బుడతడు టేబుల్లో దర్జాగా కూర్చునే ఉంటాడు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ముక్క ఉండదు. ఎర్ర అక్షరాలతో అరిచే తప్పుని పట్టుకోవచ్చు గానీ, ఇంత మర్యాదగా అబద్ధమాడేదాన్ని ఎక్కడని వెతుకుతాం?

చెక్‌లని ఆటోమేటిక్‌గా తేకపోవడానికి కారణమూ ఇలాంటిదే. ఒకే షరతుకి రెండు సర్వర్లు రెండు తీర్పులు చెప్పొచ్చు. అక్షరక్రమం సెట్టింగు వేరైతే చాలు, ఏ పేరు ముందో ఏది వెనకో మారిపోతుంది. ఈ విషయంలో నా ఓటు పోస్ట్‌గ్రెస్ వాళ్లకే.

కాబట్టి చెక్ రాసే ముందు అవతలి డీబీఏకి ఒక ఫోన్ కొట్టండి. అక్కడా అదే రూల్ ఉందంటేనే ఇక్కడ రాయండి.