గుండీ లేని దానం

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే మొదటిసారి. జనం కట్టుబట్టలతో బయటపడుతుంటే, ఖమ్మంలో టీవీ ముందు కూర్చున్న నాకు తట్టిందేమిటయ్యా అంటే, మావాడికి పరోపకారం నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదని! తిట్టుకోండి, పర్లేదు. కానీ మీకెప్పుడూ ఇలాంటి బుద్ధి పుట్టలేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

వెంటనే బీరువా మీద పడ్డాను. పెళ్లినాటి కోటు, పొట్ట పెరిగాక మూలన పడేసిన ప్యాంట్లు, ఆవిడ జరీ ఊడిన చీరలు అన్నీ మూటలకెక్కాయి. బీరువా ఖాళీ, పైగా పుణ్యం. వరద తీశాక ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని కారెక్కాను. కొత్తగూడెం దాటి పాల్వంచ అడవి దాకా దానగుణం మీద ఒకటే ఉపన్యాసం. మధ్యలో మావాడు నిద్రపోయాడు. నేను ఆపలేదు.

బూర్గంపాడులో ఇళ్లనిండా ఒండ్రు, తడిసి పులిసిన బియ్యం వాసన. నాకంటే ముందొచ్చిన దాతల పాత బట్టలు రోడ్డు పక్కన గుట్టగా పడున్నాయి. నా మూటలు చూసి ఒక పెద్దావిడ, "బట్టలు శానా వచ్చినయి సారూ. చీపుర్లేమన్న తెచ్చిర్రా?" అంది.

తేలేదు.

ఇంతలో మావాడు, ఎవరూ చెప్పకుండానే, ఓ రేకుముక్క పట్టుకుని ఆవిడ గడపలో బురద ఎత్తడం మొదలెట్టాడు. నేను ఫోను తీశాను. వాడూ రావాలి, మునిగిన ఇల్లూ రావాలి, పక్కన దాతగారూ రావాలి. ఓ అడుగు వెనక్కేశా, ఇల్లు రాలేదు, ఇంకో అడుగేశా, నా మొహం రాలేదు, ఇంకొక్క అడుగు, అంతే, జర్రున జారి, చెప్పొకవైపు ఫోనొకవైపు ఎగిరి, తెల్లచొక్కాతో సహా కాలవలో నడుం దాకా కూరుకుపోయాను!

ఆవిడే చెయ్యిచ్చి లాగింది. ట్యాంకరు దగ్గర పట్టి తెచ్చుకున్న బిందెడు నీళ్లూ నా మీదే కుమ్మరించింది. కట్టుకోవడానికి పొడిబట్ట? నా మూటలో ప్యాంటే గతి. అది తొడుక్కున్నాక తెలిసింది, గుండీ లేదు, జిప్పు పడదు.

"డాడీ, దీన్నే వీళ్లకు ఇద్దామనుకున్నామా?" అన్నాడు మావాడు. ఖమ్మం దాకా నేను నోరు విప్పితే ఒట్టు. ఒక చేతికి స్టీరింగుతోనూ రెండో చేతికి ప్యాంటుతోనూ సరిపోయింది.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు వరద మా ఖమ్మం మీదే పడింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని సుభాన్ ఖాన్ అనే ఆయన జేసీబీతో తీసుకొచ్చాడు. ధైర్యసాహసాల మీద నేను గొంతు సవరించుకున్నానో లేదో, మావాడు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు: "చీపుర్లు కొనాలి డాడీ, డబ్బులియ్యి."

ఇచ్చాను. ఉపన్యాసం మాత్రం నా దగ్గరే మిగిలిపోయింది. మీకెవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాను.